వేపచెట్టుకు వేసిన పట్టు

ఫిలింనగర్‌లో కార్లు కడిగేవాళ్ళకు కొదవ లేదు గానీ, కారు మీద పడ్డ మచ్చ చూసి అది ఏ చెట్టుదో చెప్పగలిగినవాడు జంగయ్య ఒక్కడే. ఈ మాట ఇంకెవరో అన్నది కాదు, జంగయ్యే అనుకున్నది. ఎవరూ కాదనలేదు. ఆ విద్యలో పోటీకి వచ్చినవాడంటూ ఉంటే కదా కాదనడానికి!

"గిది వేప బంక. గిది మామిడి సొన. గీ తెల్లగున్నది రావి పాలు," అని బానెట్ మీద వేలు కూడా ఆనించకుండా, నాలుక చూసి రోగం చెప్పే వైద్యుడిలా చెప్పేసేవాడు. "గోటితోని గీకుతున్నరా సార్? గీకకుండ్రి. బంక సంగతేమో గానీ రంగు మాత్రం లేస్తది."

మందు కూడా అతని దగ్గరే ఉండేది. ముందు నీళ్ళు పోసి దుమ్ము దించాలి. దుమ్ము మీద గుడ్డ ఆడిస్తే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. తర్వాత పాత బనీను ముక్కను కొబ్బరినూనెలో ముంచి మచ్చ మీద పరిచి, ఒక బీడీ కాలేంతసేపు దాని జోలికి పోకూడదు. ఆ పైన వేడినీళ్ళలో పిండిన గుడ్డతో మెల్లగా ఒత్తితే ఎంత మొండి బంకైనా మెత్తబడి జారుతుంది. చివర షాంపూ నీళ్ళతో జిడ్డు వదిలించాలి. ఇంతే విద్య. ఈ ఇంతలో కష్టమైనది ఆ బీడీ కాలేంతసేపు ఊరుకోవడమే. అది కార్లున్నవాళ్ళెవరికీ చేతకాదని జంగయ్య గట్టిగా నమ్మేవాడు.

ఉండేది పక్కనే షేక్‌పేట పాత ఊళ్ళో. పొద్దున్నే సైకిల్ హ్యాండిల్‌కు రెండు బకెట్లు తగిలించుకుని, వెనక క్యారియర్‌కు వేడినీళ్ళ ఫ్లాస్కు కట్టుకుని ఫిలింనగర్ ఎత్తు ఎక్కడం పదకొండేళ్ళ అలవాటు. యాభై నాలుగేళ్ళ మోకాళ్ళు కాబట్టి ఎత్తు సగంలో దిగి తోసుకుంటూనే వచ్చేవాడు. ఎవరైనా చూస్తే మాత్రం "టైర్ల గాలి తక్కువైంది" అనేవాడు. పదకొండేళ్ళుగా ఆ టైరులో గాలి తక్కువగానే ఉంది.

అతని దుకాణమంటే ఒక వేపచెట్టు. నాలుగంతస్తుల అపార్టుమెంటు గోడ బయట, మొదలు కొంచెం రోడ్డు మీదికి వంగి, నాలుగు కార్లకు సరిపడా నీడ పరుచుకుని ఉండేది. చొక్కా తగిలించుకోవడానికి ఒక కొమ్మ, కూర్చోవడానికి ఒక వేరు, నూనెసీసా దాచడానికి ఒక తొర్ర. నీళ్ళకు మాత్రం కింది వాటాలో ఉండే అనసూయమ్మగారి కుళాయి. ఆవిడ రేపల్లె వైపు మనిషి. నీళ్ళకు బదులుగా ఆవిడ అడిగేది కబుర్లే. ఏ డైరెక్టరు కారుకు సొట్ట పడింది, ఏ నిర్మాత కారు నెల రోజులుగా కవరు తియ్యకుండా ఉంది, ఇలాంటివి. జంగయ్య కారును చూసి మనిషి జాతకం చెప్పేవాడు. ఆవిడ ఆ జాతకాన్ని మధ్యాహ్నానికల్లా నాలుగంతస్తులకూ చేర్చేది.

రెండువేల అయిదు నాటికి ఆ వీధిలో సినిమావాళ్ళు సగం, సాఫ్ట్‌వేర్‌వాళ్ళు సగం అయిపోయారు. సినిమావాళ్ళు పొద్దున లేవరు, సాఫ్ట్‌వేర్‌వాళ్ళు పొద్దున వచ్చి పడుకుంటారు. ఇద్దరి కార్లూ ఎండెక్కేదాకా కదలకుండా నిలబడి ఉండేవి కాబట్టి జంగయ్య ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించేవాడు.

ఆ ఏడు ఎండాకాలం ముందే మూడో అంతస్తులోకి కమలాకర్ వచ్చాడు. కరీంనగర్ కుర్రాడు, హైటెక్ సిటీలో ఉద్యోగం. ఆఫీసు మాట తీరు బాగానే వంటబట్టింది గానీ కోపం వస్తే లోపలి కరీంనగర్ బయటికి వచ్చేది. వాళ్ళ ఇంటావంటా మొదటి కారు అతనిదే. వెండిరంగుది. మూడు నెలలైనా సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. ఎవరైనా ఎక్కి కూర్చుంటే కవర్లు చిటపటలాడేవి, ఆ చప్పుడు వింటే కమలాకర్ మొహం వెలిగిపోయేది.

ఆ కారును సరిగ్గా చెట్టు వంగిన చోట పెట్టేవాడు.

"సార్, రెండు మూరలు ఎనుకకు పెట్టుకోండ్రి. గాడ చెట్టుకు దెబ్బ ఉన్నది, బంక కారుతది," అన్నాడు జంగయ్య మొదటి రోజే.

"వెనక్కి పెడితే ఎండ పడుతుంది జంగయ్యా. పెయింట్ ఫేడ్ అవుతుంది."

చెట్టుకు దెబ్బ ఉన్నమాట నిజమే. కిందటేడు ఏదో షూటింగువాళ్ళు వచ్చి, లైటు కట్టడానికి మొదలుకు ఇనుప తీగ చుట్టి బిగించి, పని అయ్యాక తీగను లాగి తీశారు. తీగతో పాటు అరచెయ్యంత బెరడు లేచిపోయింది. మనిషి తలకు జానెడు పైన ఆ పుండు అప్పటినుంచీ మానలేదు. ఎండ ముదిరిన కొద్దీ బంక బొట్టు బొట్టుగా వెండి బానెట్ మీద రాలడం మొదలైంది. జంగయ్య రోజూ నూనె, వేడిగుడ్డ పెట్టి తీస్తూనే ఉన్నాడు.

ఒక ఆదివారం జంగయ్య రాలేదు. బావమరిది కూతురి పెళ్ళి. సోమవారం వచ్చేసరికి కమలాకర్ కారు పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బానెట్ మీద మూడు పొడుగాటి గీతలు. ఎండిన బంకను మెడలో వేలాడే ఆఫీసు కార్డుతో గీకాడట. ఆ కార్డు పెడితే ఆఫీసులో ఎన్ని తలుపులైనా తెరుచుకుంటాయి గానీ, వేప బంక దగ్గర దాని పప్పులు ఉడకలేదు.

"అయ్యో సార్! నేను వచ్చేదాంక ఆగకపోయిండ్రా!"

"ఆగుడేంది? ఎన్ని దినాలు ఆగాలె?" కరీంనగర్ బయటికి వచ్చేసింది. "గీ చెట్టునే కొట్టిస్త. మోతీనగర్ల కొట్టేటోనితోని మాట్లాడిన. శుక్కురారం వస్తడు. మున్సిపాలిటీల పర్మిషన్ కాయితం గూడ పెట్టిన."

 చెట్టు పోతే జంగయ్య పోయినట్టే. ఈ వయసులో ఇంకో చెట్టు, ఇంకో కుళాయి, ఇంకో అనసూయమ్మ ఎక్కడ దొరుకుతారు? "జర ఫికర్ చెయ్యకుండ్రి సార్, బంక పడకుండ నేను చూస్త," అన్నాడు. ఎలా చూస్తాడో ఆ క్షణాన అతనికీ తెలియదు.

మధ్యాహ్నం అన్నం మూట విప్పుతుండగా తట్టింది. దెబ్బకు మందు వెయ్యాలి, అంతే కదా! చిన్నప్పుడు తనకు దెబ్బ తగిలినప్పుడల్లా తల్లి ఏం చేసేది? పసుపు, సున్నం కలిపి పట్టు వేసేది. మనిషికి పనికొచ్చింది మానుకు పనికిరాదా? వీధి చివర పాన్ డబ్బాలో సున్నం అడిగాడు, కిరాణా కొట్టులో పసుపు తెచ్చాడు, ఒక కొబ్బరిచిప్పలో రెండూ కలిపి బకెట్ బోర్లించి ఎక్కాడు. ముందు ఒట్టి పసుపు దండిగా అద్దాడు. దాని మధ్యలో, పుండు లోతుగా ఉన్న చోట, పసుపూ సున్నమూ కలిసిన ఎర్రటి ముద్ద కూరాడు. అరచేత్తో ఒత్తి పట్టుకున్నాడు. వీధి వీధంతా నిద్రపోతున్న వేళ. "నొస్తదా? ఓర్చుకో," అన్నాడు చెట్టుతో, ఎవరూ వినడం లేదని రూఢి చేసుకున్నాక.

తెలుగుదేశంలో పుట్టి యాభై నాలుగేళ్ళు పెరిగినవాడు, వేపచెట్టు మొదలుకు పసుపు పూసి మధ్యలో ఎర్రగా బొట్టంత ముద్ద పెడితే ఏమవుతుందో ఆలోచించవద్దూ? జంగయ్య ఆలోచించలేదు. అతని బుద్ధంతా బంక మీదే ఉంది.

మర్నాడు మంగళవారం. వచ్చేసరికి ఎర్రముద్ద మీద కుంకుమ ఉంది, కింద నాలుగు మందారాలు ఉన్నాయి. అనసూయమ్మగారు తడి జుట్టుతో, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది.

"చూశావుటయ్యా జంగయ్యా! రాత్రికి రాత్రి అమ్మవారు వెలిసింది. ఎన్నాళ్ళనుంచో ఆ కన్నీళ్ళు కారుస్తూనే ఉంది పిచ్చితల్లి, మనమే గుర్తించలేదు."

"అమ్మా, అది కన్నీళ్ళు గాదు, బంక. గా పసుపు నేనే పెట్టిన, నిన్న పగటీలి. దెబ్బ మానాలని."

అనసూయమ్మగారు అతని వైపు ఎంతో జాలిగా చూసింది. "నువ్వెందుకు పెట్టావు నాయనా? పదకొండేళ్ళుగా లేని బుద్ధి నిన్నే ఎందుకు పుట్టింది? ఆవిడే పెట్టించింది."

జంగయ్య బకెట్లు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాడు. 

పది గంటలకు అగరొత్తులు, మధ్యాహ్నానికి కొబ్బరికాయలు. శుక్రవారం మోతీనగర్ నుంచి గొడ్డలీ తాళ్ళూ పట్టుకుని మనిషి వచ్చాడు. చెట్టును చూశాడు. చెప్పులు విడిచాడు. గొడ్డలి గోడకు ఆనించి, చెంపలు వేసుకుని, ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయాడు. కమలాకర్ మూడో అంతస్తు బాల్కనీలోంచి పిలుస్తూనే ఉన్నాడు, అతను వెనక్కి తిరిగితే ఒట్టు.

జంగయ్య ఆ రోజు లోలోపల నవ్వుకున్నాడు. బాగానే అయింది, చెట్టు బతికింది, ఈ సందడి నాలుగు రోజులకు సద్దుమణుగుతుంది అనుకున్నాడు. పక్కనున్న జూబ్లీహిల్స్ సంగతి అతను మరిచిపోయాడు. అక్కడ కొత్త కారు కొనని ఇల్లు లేదు, కొత్త కారుకు పూజ చేయించని మనిషి లేడు. రెండో శుక్రవారానికి కొత్త కార్లు వరస కట్టాయి. టైర్ల కింద నిమ్మకాయలు చితికాయి, అద్దాల మీద పసుపుతో బొట్లు పడ్డాయి. ఒక సినిమా కంపెనీ మొదటి కొబ్బరికాయ అక్కడే కొట్టింది. మూడో వారం చెట్టు చుట్టూ గచ్చు వేసి తెల్ల పలకలు పరిచారు. జంగయ్య కూర్చునే వేరు పలకల కిందికి పోయింది.

ఆ పలకలు వేసిన రోజే అపార్టుమెంటువాళ్ళ తరఫున అనసూయమ్మగారు మాట అందించింది. చెప్పడానికి ఆవిడకూ నోరు రాలేదు పాపం, పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"అమ్మవారి ముందు ఆ మురికినీళ్ళు పారితే బాగోదు కదా జంగయ్యా. నువ్వు ఆ ఎదటి పక్కన కడుక్కో. నీళ్ళు నేనే ఇస్తాలే, బకెట్లు మోసుకుపో."

ఎదటి పక్క నీడ లేదు. ఒక పెద్ద బండరాయి, దాని మీద పడి ఎగిరే ఎండ. జంగయ్య తువ్వాలు తలకు చుట్టుకుని అక్కడ నిలబడ్డాడు. నూనె గుడ్డ పరిస్తే బీడీ సగం కాలకముందే నూనె పలచబడి జారిపోయేది. బంక మెత్తబడేది కాదు, రెండోసారి, మూడోసారి పట్టు వెయ్యాల్సి వచ్చేది. బానెట్లు చెయ్యి పెడితే కాలేవి. ఎదురుగా తన నీడలో, తన చెట్టు కింద, ఎవరెవరో చల్లగా కూర్చుని పులిహోర తినేవారు. అతనికి ఒళ్ళు మండిపోయేది.

"ఆ పసుపు నాదే," అని పూలమ్మేవాడికి చెప్పాడు. వాడు నవ్వాడు. వాచ్‌మన్‌కు చెప్పాడు. "అట్లనకు, కండ్లు పోతయ్" అన్నాడతను. చివరికి ఇంట్లో కౌసల్యకు చెప్పాడు. కౌసల్య అతని పెళ్ళాం. ముప్పై ఏళ్ళుగా అతని మాటలో నిజం ఎంతో, గొప్పలు ఎంతో తూకం వేసి చెప్పగలిగిన మనిషి.

"నువ్వు పెట్టినవా? నువ్వు?" అంది రొట్టె తిప్పుతూ. "నా కాలు బెణికినప్పుడు పసుపు సున్నం పెట్టమంటే, నీతోని గాదని బయటికి ఉరికినవ్ గదయ్యా. చెట్టుకు పెట్టినవా? అమ్మ చేయించుకుంటేనే నువ్వు చేస్తవ్ గానీ, నీ అంతల నువ్వు చేస్తవా?"

బెణుకు సంగతి నిజమే కాబట్టి జంగయ్య ఇంకో రొట్టె పెట్టించుకున్నాడు. మరుసటి మంగళవారం కౌసల్య కూడా వచ్చి ఒడిబియ్యం పోసి వెళ్ళింది. ఎదటి పక్క ఎండలో బకెట్ పట్టుకుని నిలబడ్డ మొగుడి వైపు చూసి, "జర తలకు గుడ్డ మంచిగ కట్టుకో," అని చెప్పి మరీ వెళ్ళింది.

అందరికన్నా ఎక్కువ మండిపోయినవాడు మాత్రం కమలాకర్. అతని కారు పెట్టుకునే జాగా గుడి అయిపోయింది. రోజూ ఎత్తు దిగువన ఎక్కడో పెట్టి నడిచి రావాల్సి వస్తోంది. బంక పోయి ఇప్పుడు కొబ్బరినీళ్ళు, దీపాల నూనె, మైకు.

ఒక బుధవారం పొద్దున, ఇంకా భక్తులు రాకముందు, కమలాకర్ రోడ్డు దాటి జంగయ్య దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక కొబ్బరిచిప్ప. అడుగున ఎర్రగా, పసుపుగా ఎండిపోయిన పెచ్చు.

"పలకలు వేసేవాళ్ళు చెట్టు తొర్రలోంచి తీసి గోడ పక్కన పడేశారు. నీ నూనెసీసాతో పాటు ఉందట." గొంతు తగ్గించాడు. "పసుపు, సున్నం. మా అమ్మమ్మ కూడా కలిపేది. ఆ పట్టు వేసింది నువ్వే కదా జంగయ్యా?"

జంగయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. నెలన్నర నుంచి ఊరందరికీ చెప్పి చెప్పి అలిసిపోయిన మాటను, చెప్పకుండానే నమ్మిన మనిషి దొరికాడు! అవును సార్ నేనే, అనడానికి నోరు తెరిచాడు కూడా.

"ఒక్క మాట చెప్పు చాలు," అన్నాడు కమలాకర్. "ఈ చిప్ప పట్టుకుని అసోసియేషన్ మీటింగ్‌లో నేను మాట్లాడతాను. దేవుడూ లేదు దయ్యమూ లేదు అని తేలిపోతుంది. కొట్టడానికి పర్మిషన్ కూడా వచ్చేసింది, నా దగ్గరే ఉంది. నీకు లోపల గోడ వారన రేకుల షెడ్డు వేయిస్తా. కుళాయి కూడా. ఈ ఎండలో నీకు ఈ బాధేంటి? ఆదివారానికల్లా పని అయిపోతుంది."

జంగయ్య తెరిచిన నోరు మూశాడు.

రేకుల షెడ్డు. కుళాయి. బకెట్లు మోసే పని లేదు, నడినెత్తి మీద ఎండ లేదు. అతను చెట్టు వైపు చూశాడు. కుంకుమ కింద పుండు అంచులు ఉబ్బి, లోపలికి ముడుచుకుంటున్నాయి. కొత్త బెరడు పట్టింది. నెలన్నరలో ఆ చెట్టుకు వందల మంది దణ్ణం పెట్టారు గానీ పుండు ఎంత మానిందో చూసినవాడు అతనొక్కడే. పావలా బిళ్ళంత మిగిలింది, ఇంకో వానాకాలం గడిస్తే అదీ పూడుతుంది. బంక కూడా తగ్గింది. ఆ మాట కమలాకర్‌తో చెప్పి లాభం లేదు, ఇప్పుడతనికి కావలసింది బంక తగ్గడం కాదు.

"నేనెందుకు పెడత సార్?" అన్నాడు జంగయ్య. "గా చిప్ప ఎవ్వరిదో."

"నిజం చెప్పు. అందరితో నువ్వే చెప్పుకుంటున్నావట కదా, నీ పసుపే అని."

"ఉత్తగ అన్న సార్. నా జాగ పోయిందని కడుపుమంటతోని అన్న. గాడ ఉన్నది అమ్మనే."

కమలాకర్ అతని మొహంలోకి తేరిపార చూశాడు. "ఒట్టు?"

ఫిలింనగర్‌లో పదకొండేళ్ళు నీళ్ళు తాగినవాడు. కెమెరా ముందు దణ్ణాలు ఎలా పెడతారో కార్లు కడుగుతూ ఎన్నిసార్లు చూడలేదు! జంగయ్య చెప్పులు విడిచాడు. బకెట్ కింద పెట్టాడు. తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని, రోడ్డు ఇవతలినుంచే చెట్టు వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాడు. "ఒట్టు సార్."

 కమలాకర్ చిప్పను చెత్తకుండీలో గిరాటేసి, ఆఫీసు బస్సు కోసమో కారు కోసమో కిందికి దిగిపోయాడు. అతని బూట్ల చప్పుడు మలుపు దాకా వినిపించింది.

చప్పుడు ఆగాక జంగయ్య కళ్ళు తెరిచాడు. చేతులు దించుదామనుకున్నాడు గానీ దించబుద్ధి కాలేదు. తల్లీ అని పిలుద్దామంటే నోరు రాలేదు, చెట్టూ అని పిలిచి అలవాటు లేదు. అరికాళ్ళ కింద రోడ్డు అప్పుడే వేడెక్కుతోంది.

"జర జల్ది మానిపో," అన్నాడు.